శ్రావణంలో పిల్లి మీసం

ఆ రోజుల్లో, ఒకే వరండాకు వరసగా గదులుండే మా కామాటిపుర చాల్‌లో ఎవరింట్లో ఏం ఉడుకుతుందో మెట్ల మీదే తెలిసిపోయేది, ఒక్క శ్రావణంలో తప్ప. ఆ నెల నీచు ముట్టకూడదు కాబట్టి అందరింటా పప్పే, అందరూ భక్తులే. నాలుగో తరగతితో బడి మానేసి, పెద్దయ్యాక ఒక కాలేజీ ల్యాబ్‌లో గాజు సామాను కడగడానికి కొత్తగా చేరిన నేను కూడా (రాయడం నాకిదే మొదలు, కాస్త సర్దుకుని చదవండి) ఆ భక్తుల్లో ఒకదాన్నే.

మా అవ్వకు ఒక కుంటి పిల్లి ఉండేది. మూడో అంతస్తు దిగేది కాదు. దీపావళి వెళ్లాక ఒకరోజు, పక్కగదిలో ఉండే మా చాల్ సెక్రటరీ మామ వేయించి పెట్టుకున్న బంగడా చేపలు మాయమయ్యాయి. "వచ్చే నెల మీటింగ్ల తేలుస్త. ఈ దొంగదాన్ని సంచిల ఏసి చేపల బజార్ల ఇడిచి వస్త," అన్నాడు. "నా బిడ్డ ఎలుకలు తప్ప ఏం ముట్టది. నువ్వే తిని మర్సిపోయినవేమో సూస్కో," అంది అవ్వ. అనడానికైతే అంది గానీ, ఆ రాత్రి నుంచి అన్నం సరిగా తినలేదు.

మా ల్యాబ్ మేడమ్ పని, సముద్రంలో చేపల తిండి ఏళ్ల తరబడి ఎలా మారుతోందో కనిపెట్టడం. ఏ ప్రాణి అయినా తిన్నదాని గుర్తు ఒంట్లో ఉండిపోతుందట. నైట్రోజన్‌లో తేలికది, బరువుది అని రెండు రకాలున్నాయట. ఒకదాన్నొకటి తింటూ పైకి పోయేకొద్దీ బరువుది ఎక్కువవుతుంది, సముద్రపు చేప తింటే మరీనూ. వెంట్రుకలో కూడా అది దొరుకుతుందని ఆమె అనగానే, రాలిన పిల్లి మీసం పొట్లం కట్టి తీసుకెళ్లాను. ఇది ఎలుకలే తింటుందని మీ మెషిన్‌తో చెప్పించండి అన్నాను. ఆమె నవ్వి సరేనంది. నేను ఏకంగా ఆమెనే మీటింగ్‌కు పిలిచాను. ముందు ఫలితం అడగాలన్న బుద్ధి పుట్టలేదు.

ఆదివారం వరండా నిండిపోయింది. మేడమ్ హిందీలో చెబుతుంటే నేను గర్వంగా తెలుగు చేస్తున్నాను. "మీసం కొస పాతది, మొదలు కొత్తది. ముక్కలు చేసి చూశాం. ఎలుకల గుర్తు పెద్దగా లేదు. అంతా సముద్రపు చేపే."

సెక్రటరీ మామ తన మీసం దువ్వుకున్నాడు. "సునా క్యా, అవ్వా? ఇన్నవా?" అన్నాడు. అవ్వ నన్ను చూసిన చూపు ఇప్పటికీ మరిచిపోలేను.

"ఒక్క విచిత్రం," అంది మేడమ్. "శ్రావణంలో పెరిగిన ముక్కలో చేప అన్నిటికంటే ఎక్కువ."

అలవాటులో అదీ తెలుగు చేసేశాను. పిల్లి మెట్లు దిగదు. మరి శ్రావణంలో మూడో అంతస్తులో చేప ఎక్కడిది?

అవ్వ మెల్లగా లేచింది. "మేడమ్‌ను అడుగు బిడ్డా, మనుషుల ఎంట్రుకలు గూడ సూస్తదా అని."

అడిగాను. ఓ, ఇంటికి నాలుగు వెంట్రుకలిస్తే చాలు అంది ఆమె సంబరంగా. మామ టోపీ సర్దుకున్నాడు. ఆయన భార్య కొంగు నెత్తి మీదికి లాక్కుంది. ఎదురుగది అత్త పాలు పొంగుతున్నాయని లేచి పోయింది. (నేను కూడా జడ వెనక్కి వేసుకున్నాను.)

"మూగజీవం అవ్వా. రెండు చేపలకు ఏమైతది, జానే దో, పోనీ," అన్నాడు మామ. మీటింగ్ అయిపోయింది. అవ్వ ఆ పూట రెండుసార్లు అన్నం పెట్టించుకుంది.

పాపం మేడమ్ మెట్లు దిగుతూ, "ఎవరైనా ఎండుచేప తల పడేసి ఉండొచ్చు. దీన్నిబట్టి ఏ ఇల్లో చెప్పలేం. వాళ్లకు చెప్పు," అంది. అదొక్కటి మాత్రం నేను తెలుగు చేయలేదు.

పొట్లంలో మీసం పెట్టుకుని బస్సెక్కిన ఆ పిల్ల ఎదురైతే, ముందు ఫలితం అడుగు, తర్వాత మీటింగ్‌కు పిలువు అని చెప్పాలనిపిస్తుంది. చెప్పినా వినదు. ఇంట్లో అవ్వ అన్నం తినడం లేదు కదా.