పోర్టు దుమ్ముకి నేను చెప్పిన తాత్పర్యం

ప్రతిపదార్థం, తాత్పర్యం, అలంకారం, విశేషాలు. ఏ పద్యాన్నయినా ఈ నాలుగు ముక్కలుగా కోసి పెట్టడమే నా ఉద్యోగం. గోపాలపట్నంలో ఒక హైస్కూల్లో ముప్పై ఏళ్ళ పైచిలుకు తెలుగు చెప్పాను. రిటైరయ్యాక కూడా ఆ కత్తి కింద పెట్టలేదు. అదే నా కొంప ముంచింది. ఒక మనిషి తన గుండెలో మాట చెప్పుకుంటే దానికి నేను తాత్పర్యం చెప్పి, నాకున్న ఒక్క స్నేహితుణ్ణీ పోగొట్టుకున్నాను. ఆయన్ని మళ్ళీ దక్కించుకోవడానికి ఎంత తంటాలు పడ్డానో నాకే తెలుసు.

మా ఆయన పోయి ఏడేళ్ళయింది. పిల్లల్లేరు. మూడో అంతస్తులో రెండు గదుల ఫ్లాటు. పాలావిడ ప్యాకెట్టు సంచిలో వేసి తలుపుకి తగిలించి పోతుంది, దాంతో ఆమెతో మాట్లాడే భాగ్యం కూడా లేదు. కొన్ని రోజులు సాయంత్రానికి గానీ తెలియదు, పొద్దుట్నించీ నేను నోరే విప్పలేదని. అప్పుడు టీవీలో వార్తలు చదివే అమ్మాయిని పట్టుకుంటాను. "ల కాదే తల్లీ, ళ! నాలిక మడతపెట్టు!" అని అరుస్తాను. నవ్వకండి. ఏడేళ్ళు ఒక్కరే ఉండి చూడండి, మీరేం చేస్తారో.

అందుకే ఆదివారమంటే నాకు ప్రాణం. వన్‌టౌన్‌లో చిన్న లైబ్రరీ ఉంది. ఆదివారం పదింటికి ఓ పదిమందిమి అక్కడ చేరేవాళ్ళం. ఒకరు ఏదో చదివేవారు, నేను విప్పి చెప్పేదాన్ని. ఆ పదిమందిలో ఒకాయన ఆ పక్క సందులోనే పుస్తకాలు బైండింగు చేసే సాయిబు గారు. అందరూ భాయ్ అంటారు, నేనూ అంతే. లైబ్రరీలో చిరిగిన పుస్తకాలన్నీ ఆయన చేతి మీదుగానే బాగవుతాయి. కుట్టే ముందు ప్రతి పుస్తకాన్నీ చదివేస్తాడు. చదవకుండా కుడితే పరాయివాళ్ళ బట్టలు ఉతికినట్టు ఉంటుందట.

ఆయన అరగంట ముందే ఫ్లాస్కులో టీ పోసుకుని వచ్చేవాడు. అది తెలిసి నేనూ అరగంట ముందే వెళ్ళేదాన్ని. "టీచరమ్మ గోరూ, ఈ బుక్కులో రెండో కథ సూసేరా? ఏటి రాసీసినాడండీ బాబూ!" అంటూ మొదలెట్టేవాడు. నేను కాదనేదాన్ని, ఆయన ఔననేవాడు. మూడేళ్ళుగా ఆ అరగంటే నా వారం. ఓ రెండేళ్ళుగా మాత్రం, పదకొండు కొట్టగానే, ఎవరు ఏం చదువుతున్నా సరే, లేచి వెళ్ళిపోయేవాడు. దానికి కూడా నేనొక తాత్పర్యం చెప్పుకున్నాను, మనిషికి కాస్త పొగరుందని. ఆయన ఇల్లెక్కడో, ఇంట్లో ఎవరున్నారో ఏనాడూ అడగలేదు. పుస్తకాలుండగా అవన్నీ ఎందుకనుకున్నాను.

ఒక ఆదివారం ఆయన జేబులోంచి మడతపెట్టిన కాగితం తీశాడు. "నానూ ఒకటి రాసినానండీ" అన్నాడు. ఆయన రాయడం అదే మొదలు. లేచి నిలబడి చదివాడు.

పొద్దున్నే ఆమె అడుగుతుంది, మీరెవరని.
పుస్తకాలు కుట్టేవాణ్ణని చెబుతాను.
అయితే ఇది కుట్టమని చెంగు చాపుతుంది.
కిటికీ గట్టు మీది నల్లదుమ్ములో
వేలితో ఒక పేరు రాస్తుంది.
అది నా పేరు కాదు.
సాయంత్రం తుడుస్తాను.
పొద్దున్నకి మళ్ళీ దుమ్ము పడుతుంది.

చదవడం అయ్యాక ఆయన అందరి వైపూ చూడలేదు. నా వైపే చూశాడు. ఆ చూపు నాకిప్పటికీ గుర్తుంది. వాళ్ళ పేటలో కవితలు చదువుకునేటప్పుడు ఎవరూ అర్థం చెప్పరట. మనసుకి తగిలితే "మళ్ళీ" అంటారట, చదివినాయన మళ్ళీ చదువుతాడట, అంతే. ఆ సంగతి ఆయనే నాకు ఎప్పుడో చెప్పాడు కూడా. మరి నేనేం చేశాను? సుద్దముక్క తీసుకుని బోర్డు దగ్గరకి వెళ్ళాను.

"ఇక్కడ ఆమె అంటే ఆడమనిషి కాదు" అన్నాను. "సూఫీ సంప్రదాయంలో ప్రియురాలంటే పరమాత్మ. చెంగు చిరగడమంటే జీవుడి వియోగం. నల్లదుమ్ము అజ్ఞానం. తుడవడం జ్ఞానం. అజ్ఞానం మళ్ళీ మళ్ళీ కమ్ముతుంది." బోర్డు మీద అటొక గడి, ఇటొక గడి గీసి, మధ్యలో గీతలు కలిపాను. ఆవు వ్యాసం ఒక్కటే వచ్చిన పిల్లాడు ఏది అడిగినా దాన్ని ఆవు దగ్గరకే తోలుకుపోతాడే, అలా. రాసింది సాయిబు గారు కాబట్టి అది సూఫీ తత్వమే అయ్యుండాలని నా లెక్క. అదే మా వీధి కరణం గారు రాసుంటే వాళ్ళావిడ గురించేనని ఇట్టే పోల్చుకునేదాన్ని కాదూ!

స్టీల్‌ప్లాంటులో పనిచేసి రిటైరైన ఒకాయన పక్కవాడితో, "బావా, అది పోర్టు బొగ్గు కాదేటి? మా యింట్లోనూ కిటికీ మీద ఇలగే పడతాది" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "కవిత్వంలో బొగ్గు ఉండదండీ!" అని గదమాయించాను. అందరూ నవ్వారు. తరవాత చప్పట్లు కొట్టారు, కవిత్వానికో నా వ్యాఖ్యానానికో తెలియదు.

భాయ్ కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "మీరు సెప్పినాక మరేటుందండీ. అలగే అయ్యుంటాది" అన్నాడు. వినయం అనుకున్నాను. పదకొండయింది, వెళ్ళిపోయాడు.

తరవాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారమూ రాలేదు. ఫోను చేస్తే ఎత్తడు. దానికీ తాత్పర్యాలు చెప్పుకున్నాను, ఊరుకుంటానా! పొగడ్తకి సిగ్గుపడ్డాడని ఒక వారం. ఇంకా పొగడలేదని అలిగాడని ఇంకో వారం. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళనే రకం నేను. నాలుగో ఆదివారం నేనే ఫ్లాస్కులో టీ పోసుకెళ్ళి, ఆ అరగంటా ఒక్కదాన్నే కూర్చుని తాగాను. ఏడుపొచ్చింది. ఏడ్చాను. దాచుకోవడం దేనికి?

మర్నాడు పొద్దున్నే అట్ట ఊడిపోయిన నా ఛందస్సు పుస్తకం సంచిలో వేసుకుని బస్సెక్కాను. మనిషి కోసం వెళ్ళడానికి మొహం చెల్లక పుస్తకాన్ని అడ్డం పెట్టుకున్నానన్నమాట.

సందు చివర కొట్టు. ఆయన మైదా జిగురు కలుపుతున్నాడు, పురుగు పట్టకుండా మైలుతుత్తం వేశాడేమో లేత నీలంగా ఉంది. "పుస్తకం కుట్టించుకుందామని వచ్చాను" అన్నాను. "అక్కడెట్టండి" అన్నాడు, తల ఎత్తకుండా. కూర్చోమనలేదు. నిలబడే ఉన్నాను.

అంతలో కొట్టు వెనక ఇంట్లోకి ఉన్న కర్ర తలుపు తెరుచుకుని ఒక పెద్దావిడ వచ్చింది. తెల్లటి జుట్టు, శుభ్రంగా దువ్వి జడ వేసి ఉంది. ఆయన దగ్గరకొచ్చి నిలబడి, "మీరెవులండీ?" అని అడిగింది.

ఆయన చేతులు తుడుచుకున్నాడు. "పుస్తకాలు కుడతానమ్మా" అన్నాడు.

"అయితే ఇది కుట్టండి" అని చెంగు చాపింది.

చూశాను. ఆ చెంగు ఎక్కడా చిరగలేదు. ఆయన మైనం రాసిన దారం సూదిలోకి ఎక్కించి, ముడి వెయ్యకుండా రెండు కుట్లు కుట్టి, "అయిపోనాదమ్మా" అన్నాడు. ఆవిడ మురిసిపోయింది. కిటికీ దగ్గరకి వెళ్ళి గట్టు మీది పోర్టు దుమ్ములో వేలితో ఏదో రాసుకుంటూ నిలబడింది. ఉర్దూ అక్షరాలు.

"ఆళ్ళమ్మ పేరండీ" అన్నాడు భాయ్. "మేం ఇంట్లో ఉర్దూయేనండీ మాటాడుకుంటాం. ఇప్పుడు నన్ను బయటోడనుకుంటాది కదా, అందుకే నాతో తెలుగు."

నాకు తల కొట్టేసినట్టయింది. వాళ్ళావిడ రెండేళ్ళుగా అలా, కట్టుకున్నవాణ్ణి కూడా పోల్చుకోకుండా ఉందట. ఆదివారం పక్కింటామె పదకొండు దాకా చూస్తుందట, అందుకే ఆ పరుగు. "నాకెందుకు చెప్పలేదు భాయ్?" అన్నాను, తప్పు ఆయనదైనట్టు.

"సెప్పినాను కదండీ" అన్నాడు.

సూదిని దారం ఉండకి గుచ్చాడు.

"నోటితో సెప్పనేక రాసుకొచ్చి మరీ సెప్పినాను. మీరొక్కరైనా, ఆవిడికి ఎలగుంది భాయ్ అని అడుగుతారనుకున్నాను. మీరు బోర్డు మీద గీతలు గీసీసినారు. అందరూ సప్పట్లు కొట్టీసినారు. ఆ సప్పట్లు ఇంటికట్టుకొచ్చి నానేటి సేసుకోనండీ?"

ఉన్నదాన్ని ఉన్నట్టుగా, మనసుకి హత్తుకునేలా చెబితే స్వభావోక్తి అంటారు. తొమ్మిదో తరగతి పిల్లలకి రెండు మార్కుల ప్రశ్న అది. ఎన్ని వందల పేపర్లలో దాన్ని దిద్దానో! నా ఎదురుగా నిలబడి ఒక మనిషి తన ఇంటి సంగతి చదివితే మాత్రం పోల్చుకోలేకపోయాను. అలంకారాలు నేర్పుతూ నేర్పుతూ, మనిషి మాట వినడం ఎప్పుడు మానేశానో నాకే తెలియదు.

"తప్పయిపోయింది భాయ్" అన్నాను. "ఎలా ఉంది ఆవిడకి?"

ఆయన నా పుస్తకం తీసి అటూ ఇటూ తిప్పి, "పది రోజులు పడతాది" అన్నాడు. బస్సులో కిటికీ వైపు మొహం తిప్పుకుని ఇంటికొచ్చాను.

పది రోజులు ఆగలేదు. ఆదివారం తొమ్మిదిన్నరకే కొట్టు దగ్గర ఉన్నాను. "మీరు లైబ్రరీకి వెళ్ళి రండి. నేనిక్కడ ఆవిడ దగ్గర కూర్చుంటాను" అన్నాను.

"మీరు నేకపోతే అక్కడ సెప్పీవోళ్ళెవులు?"

"ఎవరూ చెప్పక్కర్లేదు. పోర్టు బొగ్గుని పోర్టు బొగ్గని పోల్చుకున్నాయన ఉన్నాడుగా, చాలు."

ఆయన మొహంలో నవ్వో మరేమిటో చిన్నగా కదిలింది. చొక్కా మార్చుకుని, తలుపు దగ్గర రెండుసార్లు వెనక్కి చూసి వెళ్ళాడు. నేనూ ఆవిడా మిగిలాం. నాకున్న ఒక్క ఆదివారాన్నీ ఇచ్చేసి అక్కడ కూర్చున్నాను, ఆయన మళ్ళీ నాతో మాట్లాడతాడన్న నమ్మకం కూడా లేకుండా.

"నువ్వెవులమ్మా?" అంది ఆవిడ.

"టీచర్నండీ."

"నీకెవులున్నారు?"

"బోలెడు పుస్తకాలున్నాయి" అన్నాను. అలవాటు ఎక్కడికి పోతుంది!

"పుస్తకాలు కాదే. మనుసులు."

"ఎవరూ లేరు" అన్నాను. ఏడేళ్ళలో ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

ఆవిడ దుమ్ము అంటిన వేళ్ళతో నా చెయ్యి పట్టుకుంది. "ఓలమ్మా! మరొక్కర్తివీ ఎలగుంటన్నావే?" అంది.

ఆ మాట నన్నెవరూ అడగలేదు. బంధువులు పింఛను వస్తోందా అని అడుగుతారు, మోకాళ్ళ నొప్పులెలా ఉన్నాయని అడుగుతారు. నేను చెప్పడం మొదలుపెట్టాను. మా ఆయన మంచం పట్టిన సంగతి, తలుపుకి తగిలే పాల సంచి, టీవీలో అమ్మాయి మీద అరుపులు, అన్నీ. పోలికలు లేవు, సామెతలు లేవు. ఆవిడ మధ్యలో "మళ్ళీ సెప్పు" అంది రెండుసార్లు. మళ్ళీ చెప్పాను.

పదకొండు దాటి పది నిమిషాలకి భాయ్ వచ్చాడు. అప్పటికి ఆవిడ నేను చెప్పినదంతా మరిచిపోయింది. నా చేతిలోంచి తన చెయ్యి తీసుకుని, నన్ను ఎగాదిగా చూసి, "ఈవిడెవులండీ?" అని ఆయన్ని అడిగింది.

ఆయన గుమ్మంలో చెప్పులు విప్పుతూ మా ఇద్దరి మొహాలూ చూశాడు. నా కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి.

"మనింటి మనిసేనమ్మా" అన్నాడు. "ఈయేళ అన్నం మనతోనే తింటారు."