పేపరు లెక్క, ప్రార్థన లెక్క

మస్కట్‌లోని రూవిలో శుక్రవారం ఆరాధనకు వచ్చే తెలుగు ఆడవాళ్లలో దీవెనమ్మకు ఒక పదవి ఉంది. జీతం లేని పదవి కాబట్టి దాన్ని ఆవిడ దగ్గర నుంచి లాక్కోవాలని ఎవరికీ తోచలేదు. ఆరాధన అయ్యాక ఒక్కొక్కరూ వచ్చి తమ కష్టం చెబుతారు. ఆవిడ నల్ల అట్ట పుస్తకంలో రాస్తుంది. మోకాలి నొప్పి, కొడుకు పరీక్ష, వీసా, ఉద్యోగం. వారమంతా అందరూ ఆ పేర్లు తలుచుకుని ప్రార్థన చేస్తారు. జవాబు దొరికినవాళ్లు తర్వాతి శుక్రవారం అందరి ముందు నిలబడి సాక్ష్యం చెబితే, దీవెనమ్మ ఎర్ర పెన్నుతో ఆ వరుస కొట్టేస్తుంది. సాక్ష్యం చెప్పకపోతే కొట్టదు. దేవుడు జవాబిచ్చినా సరే, దీవెనమ్మకు కబురందకపోతే ఇవ్వనట్టే లెక్క.

ఆవిడది నరసాపురం. మస్కట్లో ఒక ఆసుపత్రి మూడో అంతస్తులో నేల తుడిచే పని, పదకొండేళ్లుగా. వయసు యాభై ఆరు. మా ఊరావిడ అని గొప్ప చెప్పడం కాదుగానీ, ఆవిడ తుడిచిన నేల మీద పెద్ద డాక్టర్లు కూడా బూట్లు విప్పి చేత్తో పట్టుకుని నడుద్దామా అని ఆలోచిస్తారట. ఈ సంగతి చెప్పింది కూడా ఆవిడే. డాక్టర్లను అడిగినవాళ్లు లేరు.

రెండువేల పదహారు ఎండాకాలంలో, ఒక బుధవారం సాయంత్రం, ఒక్కగానొక్క కొడుకు నోవహు ఇమో యాప్‌లో ఫోన్ చేశాడు. అతను నరసాపురంలోనే రొయ్యలకు ఐసు తయారుచేసే ఫ్యాక్టరీలో మెషిన్ ఆపరేటరు. ఇద్దరు పిల్లలు.

“అమ్మా, మీ ఒమాన్‌లోనే రైసూత్ రేవులో చేపల కోల్డ్ స్టోరేజీకి మనుషులు కావాలంట. సోమవారంలోగా పాస్‌పోర్టు ఇమ్మంటున్నాడు ఏజెంటు.”

“మరి ఐసు ఫ్యాక్టరీ?”

“మానేయాలి. ఒకసారి గేటు దాటితే మళ్లీ రానివ్వనని ఓనరు ముందే చెప్పేశాడు. నా పనికి వాళ్ల బావమరిది కాచుక్కూచున్నాడు.”

“ఇక్కడ నిజంగా పనుందో లేదో తెలీకుండా ఎలా మానేస్తావురా?”

“పేపర్లో వేశారమ్మా. ఒమాన్‌లో ఉద్యోగాలు పెరిగాయంట, నేరాలు తగ్గాయంట. ఏజెంటు ఆ ముక్క లామినేషన్ చేయించి గోడకి పెట్టాడు.”

“లామినేషన్ చేయిస్తే నిజమైపోద్దా?”

“అందుకే నిన్నడుగుతున్నా. నువ్వక్కడే ఉన్నావు కదా. నువ్వు రమ్మంటే వస్తాను, వద్దంటే మానేస్తాను. ఆదివారం ఫోన్ చేస్తా, ఒక్కమాట చెప్పు.”

ఫోన్ పెట్టేశాడు. ఆ ఒక్కమాట ఎంత బరువో ఫోన్ పెట్టేసినవాడికి తెలియదు. రమ్మని చెప్పి ఇక్కడ పని లేకపోతే కొడుకు అటు ఐసుకూ ఇటు చేపలకూ చెందకుండా పోతాడు. వద్దని చెప్పి పని ఉంటే, ‘ముసల్ది తాను మాత్రం మస్కట్లో ఉండి నన్ను ఐసుగడ్డల్లో ఉంచేసింది’ అని జీవితాంతం అంటాడు. వాడి నోరు ఆవిడకు తెలుసు. తన నోరే కదా.

దీవెనమ్మ మంచం మీద కూర్చుని నల్ల అట్ట పుస్తకం తీసింది. ఆ ఏడు చమురు ధర పడిపోయింది. ఎక్కడ చూసినా బిల్డింగు సైట్లు ఆగిపోయాయనే మాటే. పుస్తకంలో జనవరి నుంచి ‘ఉద్యోగం’ అని రాసిన వరుసలు లెక్కపెడితే నలభై ఒకటి వచ్చాయి. ఎర్ర గీత పడినవి మూడు. పైగా పోయిన నెల ఆవిడ ఇంకొందరు ఆడవాళ్లతో కలిసి ఉండే ఫ్లాటు గుమ్మం పక్కన పెట్టిన గ్యాస్ సిలిండరు పట్టపగలు మాయమైంది. ఉద్యోగాలు పోతున్నాయి, సిలిండర్లు పోతున్నాయి. పేపరువాడు మాత్రం అవి పెరిగాయి, ఇవి తగ్గాయి అంటున్నాడు.

మర్నాడు డ్యూటీ నుంచి వచ్చిన ఫేబాను పట్టుకుంది. ఫేబా భీమవరం పిల్ల. అదే ఆసుపత్రిలో నర్సు, అదే ఫ్లాటులో పక్క మంచం. ఇంగ్లీషు పేపరు చదవగలదు కాబట్టి దీవెనమ్మ దృష్టిలో సగం కలెక్టరు.

“ఉద్యోగాలు పెరిగాయన్న ఆ పేపరు తెచ్చావటే? చదువు.”

ఫేబా సాక్సులు విప్పుతూనే చదివింది. ఉద్యోగాలు ఫలానా శాతం పెరిగాయి. నేరాలు ఫలానా శాతం తగ్గాయి. రెండు అంకెలకూ చుక్క పెట్టి తర్వాత ఇంకో అంకె ఉంది.

“ఆ చుక్కేంటే?”

“లెక్క కచ్చితంగా చేశారని ఆంటీ.”

“మనిషిని ముక్క చేసి ఉద్యోగంలో పెడతారా ఏంటి?”

“అలా కాదు ఆంటీ. చాలామందిని కలిపి భాగించినప్పుడు అలా వస్తుంది.”

“నేను భాగించలేదు. కలిపాను. నలభై ఒకటి. కావాలంటే చూసుకో.” పుస్తకం ఫేబా ఒళ్లో పడింది.

ఇదే ఆవిడ చేసిన పొరపాటు. నర్సుల చేతికి ఏ చార్టు ఇచ్చినా వాళ్లు తప్పు పట్టకుండా వదలరు. ఫేబా వేలు పెట్టి వరుసవరుసా దిగడం మొదలుపెట్టింది.

“ఆంటీ, ఈ కాశమ్మ పేరు నాలుగుసార్లు ఉందే?”

“నాలుగు వారాలు అడిగింది, నాలుగుసార్లు రాశాను.”

“పోయింది ఒక్క ఉద్యోగమే కదా!”

“ఏడ్చింది నాలుగుసార్లు.”

“ఈయన ఎప్పుడో ఇండియా వెళ్లిపోయాడు. వాళ్లూరిలో ఆటో తోలుకుంటున్నాడు.”

“వచ్చి సాక్ష్యం చెప్పలేదు.”

“ఆటో వేసుకుని మస్కట్ రావాలా?” ఫేబా నవ్వు ఆపుకుంటూ ఇంకో పేజీ తిప్పింది. “ఈ అక్కకి సీబ్‌లో ఒక విల్లాలో పని దొరికింది. నేనే చూశాను. అక్కడ శుక్రవారం సెలవు ఇవ్వరు. అందుకే రావడం లేదు.”

దీవెనమ్మ గతుక్కుమంది. ఉద్యోగం పోయినవాళ్లు ప్రతి శుక్రవారం వస్తారు. దొరికినవాళ్లు శుక్రవారం కూడా డ్యూటీలో ఉంటారు. అంటే పుస్తకంలోకి కష్టం నడుచుకుంటూ వస్తుంది గానీ, సంతోషానికి సెలవు దొరకదు.

ఫేబా వేలు ఒకచోట ఆగింది. ఆమె ముందు పుస్తకం వైపు, తర్వాత దీవెనమ్మ వైపు చూసింది.

“ఆంటీ, ఇక్కడ మీ పేరుంది. జనవరి. దీవెనమ్మ, ఉద్యోగం.”

“పోయింది కదే అప్పుడు! కంపెనీకి ఆసుపత్రి కాంట్రాక్టు పోయింది. మా నలభై మందినీ క్యాన్సిల్ అన్నారు.”

“మర్నాడు పొద్దున్నే ఏడింటికి నాతోపాటే డ్యూటీకి వచ్చారు మీరు.”

“కొత్త కంపెనీ తీసుకుంది. అదే నేల. అదే మాపు. డ్రెస్సు నీలం పోయి ఆకుపచ్చ వచ్చింది. జీతం తగ్గింది. తగ్గినందుకు స్తోత్రమని లేచి సాక్ష్యం చెప్పమంటావా?”

“చెప్పొద్దు. కానీ ఉద్యోగం పోయినవాళ్ల లెక్కలో మీరెలా ఉంటారు?”

దీవెనమ్మ పుస్తకం లాక్కుంది. ఆ రోజుకి ఫేబా కలెక్టరు పదవి పోయింది. కానీ నలభై ఒకటి అన్న అంకె పోయాక దాని స్థానంలో ఏ అంకె పెట్టాలో ఆవిడకు తెలియలేదు. ఇరవయ్యా? పాతికా? పోయి మళ్లీ దొరికిన తనను ఎక్కడ వేయాలి?

శుక్రవారం ఆరాధనలో నలుగురిని అడిగింది. ఇద్దరు ‘రానివ్వు’ అన్నారు, ఇద్దరు ‘రానివ్వకు’ అన్నారు. అయిదోవాళ్లను అడగడానికి భయమేసి ఇంటికొచ్చేసింది.

శనివారం సాయంత్రం ఇక్బాల్ దుకాణానికి వెళ్లింది. ఇక్బాల్ హైదరాబాదువాడు. రూవి సందులో టైపింగ్ దుకాణం. వీసాకు పెట్టే ఫారాలూ, క్యాన్సిల్ చేసే ఫారాలూ అరబ్బీలో కొట్టి ఇస్తాడు. వీళ్లుండే ఫ్లాటు కూడా అతని పేరు మీదే ఉంది. కాగితం ప్రకారం ఆ ఫ్లాటులో ఇక్బాల్, అతని భార్య, ఇద్దరు పిల్లలు ఉంటారు. నిజానికి తొమ్మిదిమంది ఆడవాళ్లుంటారు, అందరూ నరసాపురం, భీమవరం చుట్టుపక్కలవాళ్లే. భార్యాపిల్లలు మలక్‌పేటలో ఉన్నారు.

“ఇక్బాల్ భాయ్, నాకొక సంగతి తేల్చి చెప్పు. నేరాలు తగ్గాయని పేపర్లో వేశారు. మరి మన సిలిండరో?”

ఇక్బాల్ కీబోర్డు మీంచి చేతులు తీయకుండానే అన్నాడు. “మనం కంప్లైంట్ ఇయ్యలే కదమ్మా. ఇయ్యకుంటే అది దొంగతనం ఎట్లయితది? ఊరికె సామాను పోయినట్టే.”

“ఎవరివ్వద్దన్నారు?”

“నేనే.”

“మరి నన్నెందుకు నిలదీస్తావు?”

“నేనేడ నిలదీసిన? మీరే వచ్చిన్రు. పోలీసొస్తే సిలిండర్ ఒక్కటే అడుగుతడా? లోపల ఎంతమంది ఉన్నరని లెక్కవెడ్తడు. సిలిండర్ కోసం తొమ్మిది మంచాలు రోడ్డు మీదికొస్తయి. యా అల్లా, ఆ దొంగకి గూడ ఈ ముచ్చట ఎర్కే ఉంటది.”

దీవెనమ్మ స్టూలు లాక్కుని కూర్చుంది. అయితే ఆ తగ్గినవాటిలో ఒకటి తమదే. తామే తగ్గించారు. పేపరువాడిని అబద్ధాలకోరని మూడు రోజులుగా తిడుతోంది. అబద్ధంలో తన వాటా కూడా ఉందని ఎవరూ చెప్పలేదు.

“సరే, అది పోనీ. ఉద్యోగాలు పెరిగాయంటున్నారు. ఎక్కడ పెరిగాయి? నువ్వు కాగితాలు చూస్తావు కదా.”

“పెరిగినయి. నా దగ్గర్నే పెరిగినయి.” ఇక్బాల్ కుర్చీ తిప్పాడు. “జనవరిల మీ నలభై మంది ఫారాలు కొట్టిందెవరు? నేనే. కొత్త కంపెనీ, కొత్త వీసా. మీ కాగితం మీద కొత్త చేరిక అని ఈ చేతుల్తోనే కొట్టిన. ముబారక్ అమ్మా, మీకు కొత్త నౌకరీ దొరికింది.”

“నేనొక్క రోజు కూడా మానలేదు కదయ్యా! అదే మూడో అంతస్తు, అదే మాపు!”

“ఫారంల మాపు పేరు రాసే జాగ లేదమ్మా.”

“అయితే పెరిగాయన్నది నన్ను చూసా?”

ఇక్బాల్ భుజాలు ఎగరేశాడు. “నాకేమెర్క? పాత కంపెనీ క్యాన్సిల్ ఫారాలు గూడ నేనే కొట్టిన. అవి తీసేసి లెక్కవెడ్తరేమో. పెట్టరేమో. నాది టైపింగ్ దుకానం. లెక్కల దఫ్తర్ కాదు.”

“ఏ ఫారాలు ఎక్కువొస్తున్నాయి నీకు? వచ్చేవా, పోయేవా?”

“పొద్దుగాల ఒక మాట, సాయంత్రం ఒక మాట. నిన్న పోయేటియి ఎక్కువ, ఇయ్యాల వచ్చేటియి ఎక్కువ. రేపు జలుబు, జుకామొచ్చి నేను దుకానం తెరవకుంటే ఏదీ లేదు.”

దీవెనమ్మ తిరిగి వస్తూ బస్సులో కిటికీ పక్కన కూర్చుని వేళ్లు ముడిచింది, విప్పింది. తన పుస్తకంలో ఆవిడ ఉద్యోగం పోయిన మనిషి. ఇక్బాల్ ఫారంలో ఉద్యోగం కొత్తగా దొరికిన మనిషి. నేల తుడిచేటప్పుడు మాత్రం పోయిందీ లేదు, వచ్చిందీ లేదు. ఒక్క మనిషి మీదే లెక్క ఇన్ని రకాలుగా ఉంటే, దేశమంతటినీ లెక్కపెట్టినవాడి గతేమిటి? మొదటిసారి ఆవిడకు ఆ పేపరువాడి మీద జాలి కలిగింది. ఆ ఆలోచనలోనే దిగవలసిన స్టాపు దాటిపోయి, రెండు స్టాపులు వెనక్కి నడిచింది.

ఆదివారం నోవహు చెప్పిన వేళకే ఫోన్ చేశాడు. వెనకాల అతని భార్య సూసన్ పిల్లలకు అన్నం కలుపుతున్న చప్పుడు వినిపిస్తోంది.

“చెప్పమ్మా. రానా, వద్దా?”

“ఒరే, విను. నేను జనవరిలో ఉద్యోగం పోగొట్టుకున్నాను.”

“ఏంటీ! నాకు చెప్పలేదే?”

“మర్నాడే కొత్తగా చేరాను.”

“ఎక్కడ?”

“అక్కడే.”

“అమ్మా, ఎండదెబ్బ గానీ తగిలిందా?”

“తగల్లేదు. ఆ పేపర్లో పెరిగిన ఉద్యోగాల్లో నేనొకదాన్నేమో అంటున్నా. మన సిలిండరు తగ్గిన నేరాల్లో ఉంది. నా పుస్తకం కూడా తప్పే. కాశమ్మ నాలుగుసార్లు ఉంది.”

“కాశమ్మెవరు? నేనడిగింది రైసూత్ గురించి!”

“దానికి కూడా ఇదే జవాబురా. అక్కడ పనున్నట్టు కాగితం ఉంటది. కొత్త మనిషివని రాస్తారు. ఎవరి చోటికి కొత్తో, ఎన్నాళ్లకి కొత్తో కాగితంలో రాయరు. నాకు తెలీదు.”



“తెలీదంటే వద్దనా?”

“తెలీదంటే తెలీదని.”

“పదకొండేళ్లు అక్కడుండి తెలీదంటావేంటమ్మా?”

“పదో ఏడాది వరకూ తెలుసనే అనుకున్నాను.”

వెనకాల గిన్నె చప్పుడు ఆగింది. సూసన్ గొంతు దగ్గరకు వచ్చింది. “అత్తయ్యగారికే తెలీకపోతే ఆ ఏజెంటుకేం తెలుస్తదండీ? మీ ఐసు తెల్లారేసరికి గడ్డ కడుతుందో లేదో మీకు తెలుసు కదా. ఆ పాస్‌పోర్టు బీరువాలో పెట్టేయండి.”

నోవహు ఏదో గొణిగాడు. సోమవారం ఏజెంటు ఆఫీసుకు వెళ్లలేదు. ఐసు ఫ్యాక్టరీకే వెళ్లాడు. అతన్ని చూసి ఓనరు బావమరిది ముఖం మాడ్చుకున్నాడట. ఆ ఒక్క సంగతే ఆ వారంలో నోవహుకు దక్కిన సంతోషం.

అతని బదులు అదే వీధిలో ఉండే ప్రీతమ్ పాస్‌పోర్టు ఇచ్చి రైసూత్ వచ్చాడు. నెలన్నర తర్వాత నోవహు తల్లికి ఒక ఫోటో పంపాడు. కింద ‘చూశావా’ అని ఒకే మాట. ఫోటోలో ప్రీతమ్ మందపాటి కోటు వేసుకుని తెల్ల గోడ ముందు నిలబడి, పళ్లన్నీ కనబడేలా నవ్వుతున్నాడు.

దీవెనమ్మ ఆ ఫోటోను వేళ్లతో పెద్దది చేసింది. ముందు కోటు చూసింది. తర్వాత గోడ చూసింది. అది కోల్డ్ స్టోరేజీ గోడో, రూము గోడో తెలియలేదు. ఇంకా పెద్దది చేస్తే పళ్లు మాత్రమే మిగిలాయి. ఫోను ఫేబాకు ఇచ్చింది.

“వీడికి పని దొరికినట్టా, లేనట్టా?”

“నవ్వుతున్నాడు కదా ఆంటీ. దొరికే ఉంటుంది.”

దీవెనమ్మ ఫోను వెనక్కి తీసుకుంది. “జనవరి నుంచి నేను ఇంటికి పంపిన ఫోటోలన్నింట్లోనూ నవ్వుతూనే ఉన్నానే” అంది.