గౌహతికి మూడు గంటలు

తిరుపతి నుంచి గౌహతికి విమానంలో మూడంటే మూడే గంటలని మొన్న టీ అంగట్లో ఢంకా కొట్టి చెప్పాను. మా వీధిలో ఉండే రిటైరైన బస్సు కండక్టరు "గౌహతి యాడుండాదప్పా, ఎంతసేపు పడతాది?" అని అడగడమే ఆలస్యం. "ఇడ్లీ తిని ఎక్కినాను, అది అరిగేలోపల దిగినాను. ఏడుకొండలకు దండం పెట్టి కండ్లు తెరిస్తే కింద బ్రహ్మపుత్ర!" అన్నాను. పక్కన కూర్చున్న మా మేనకోడలు గ్లాసులోకి చూస్తూ టీ ఊదుకుంటోంది. కొండకు వచ్చి, ఒక్క పూట నన్ను చూసిపోదామని ఆగింది. పుట్టి పెరిగింది గౌహతిలోనే అయినా మాట మాత్రం వాళ్లమ్మది, అచ్చం చిత్తూరు మాట.

మూడు గంటలన్నది కోత అని మీరు ఈపాటికి పసిగట్టే ఉంటారు. హైదరాబాదులో ఒకసారి, కలకత్తాలో ఇంకోసారి విమానం మారి, తెల్లవారకముందే ఇల్లు వదిలినవాణ్ణి దీపాలు పెట్టే వేళకు చేరాను. ఇడ్లీ కూడా అబద్ధమే. భయంతో నోట్లోకి ఏదీ పోలేదు.

బావ రైల్వే ఉద్యోగం వెంట వెళ్లి మా అక్క అక్కడే ఉండిపోయింది. నా భార్య పోయాక రోజూ సాయంత్రం ఫోన్ చేసి "ఏం కూర చేసుకుంటివిరా?" అని అడిగేది. వట్టి మజ్జిగన్నం తిని గుత్తివంకాయ అని చెప్పేవాణ్ణి. "మసాలాలో ఏమేసినావు?" అని నిలదీసేది. నా అబద్ధాలను అంత శ్రద్ధగా విన్న మనిషి లోకంలో ఇంకొకరు లేరు.

రెండేళ్ల కిందట ఒక సోమవారం మేనకోడలు ఫోన్ చేసి, అమ్మకు బాగలేదు, నిన్నే అడుగుతోంది, వెంటనే రమ్మంది. మంగళ, బుధవారాలు ఉత్తరానికి శూల, ఆ దిక్కుకు ప్రయాణం కూడదంటారు. దానికి మా ఇళ్లలో ఒక ఉపాయం ఉంది. మంచి గడియ చూసి సంచిని పక్కింట్లో పెడితే ప్రయాణం మొదలైనట్టే లెక్క. పరస్థానం అంటాం. ఆ తర్వాత ఏ రోజైనా కదలవచ్చు. ఆ సాయంత్రమే రెండు పంచెలు, అక్కకు ఇష్టమైన చింతతొక్కు సంచిలో వేసి పక్కింటి నడవలో పెట్టాను. మరునాడు అక్క ఫోన్లో సన్నటి గొంతుతో "బయలుదేరినావారా?" అంది. "బయలుదేరినానక్కా" అన్నాను, మా ఇంట్లో నా మంచం మీద కూర్చుని.

మంగళవారానికి టికెట్ ఉంది. బుధవారానికీ ఉంది. జన్మలో విమానం ఎక్కనివాణ్ణి, ఆ తలుపు మూస్తారన్న తలంపుకే జడుసుకున్నాను. శూల అడ్డమని అందరికీ చెప్పి గురువారానికి తీయించుకున్నాను. శూలను పరస్థానం ఎప్పుడో తీర్చేసింది. అడ్డం వచ్చింది నా భయం. బుధవారం సాయంత్రం అక్క పోయింది.

ఇప్పుడు రోజూ సాయంత్రం, అక్క ఫోన్ వచ్చే వేళకు, తిరుపతి నుంచి గౌహతికి ఎంతసేపని సెల్లులో కొట్టి చూస్తుంటాను. ఒక్కోసారి ఒక్కో లెక్క చెబుతుంది. ఏ లెక్కలోనూ ఆ రెండు రోజులు ఉండవు.

టీ అంగట్లో ఇదంతా చెప్పలేదు. "ఫోన్ రాంగానే బయలుదేరినానప్పా. నేను ఆకాశంలో ఉండంగానే మా అక్క పోయింది" అన్నాను. కండక్టరు అయ్యో అన్నాడు. మేనకోడలు గ్లాసు కింద పెట్టింది.

"ఆకాశంలో యాడుంటివి మామా? ఈడ్నే, తిరుపతిలోనే ఉంటివి. బయలుదేరినానంటివని అమ్మ రెండు దినాలూ నీకు అన్నం తీసిపెట్టించింది."