యూరియా లైన్‌లో మా నాయిన చెప్పులు

నా ఫోన్‌లో రెండు నిమిషాల వీడియో ఒకటి ఉంది. ఇన్నేళ్లలో మూడు ఫోన్లు మార్చాను. మార్చిన ప్రతిసారీ దాన్ని జాగ్రత్తగా కొత్త ఫోన్‌లోకి తెచ్చుకున్నాను. తుడిచెయ్యడానికి మనసొప్పలేదు. చూపించడానికి ధైర్యం చాలలేదు. జేబులో ఫోన్ ఎంత బరువుంటుంది? నాకు మాత్రం అది ఏళ్లుగా బరువే. నా భార్యకు కూడా చెప్పని మాట మీకు చెబుతున్నాను.

మాది గూడూరు దగ్గర ఒక పల్లె. ఎరువులు ఇచ్చే సొసైటీ గోదాముకు ఎదురుగా నాకు జిరాక్స్ షాపు ఉంది. ఊరి వాట్సాప్ గ్రూపు మొదలుపెట్టింది నేనే. రాజకీయాల కోసం కాదు, యూరియా కోసం. లోడు ఏ రోజు వస్తుందో తెలియక జనం పనులు మానుకుని వచ్చి వట్టి చేతులతో పోయేవాళ్లు. రేపు వస్తుందని నేను గ్రూపులో పెడితే వచ్చేది. ఒక్కసారీ తప్పలేదు. చదవడం రాని ముసలివాళ్లు కూడా "గ్రూపుల ఏం పెట్టిండో సదువు" అని పిల్లలను అడిగేవాళ్లు. అలా కుదిరింది నా మీద గురి. నేను పాడుచేసింది దాన్నే.

మా వైపు యూరియా లైన్‌లో ఎవరూ గంటలకొద్దీ నిలబడరు. చెప్పులు విడిచి, పోయి గోడ నీడన కూర్చుంటారు. జత చెప్పులుంటే మనిషి ఉన్నట్టే లెక్క. వాటిని ఎవరూ జరపరు. రాసి పెట్టిన నియమం కాదు, ఊరంతా పాటించే మాట.

అప్పుడు సర్పంచ్ ఎన్నికలు దగ్గరపడ్డాయి. ఒకవైపు మా బావ, అంటే మా అక్క భర్త. ఇంకోవైపు మహిళా సంఘం లీడరు సుగుణక్క. గ్రామసభలో ఆమె లేచి నిలబడితే చాలు, కార్యదర్శి కాగితాలు సర్దుకునేవాడు. బోరు మోటారు ఏడాదిలో ఎన్నిసార్లు కాలింది, ఎవరు బాగుచేశారు అని ఆమె ఒక్కతే అడిగేది.

ఒకసారి లోడు సంగతి నాకు ముందురోజే తెలిసింది. గ్రూపులో పెట్టలేదు. తెల్లవారగానే ఇంట్లో ఉన్న పాత చెప్పులన్నీ సంచిలో వేసుకుని పోయి, లైన్ ముందు ఏడు జతలు పేర్చాను. తర్వాత బావ మనుషులు వచ్చి ఆ చోట నిలబడాలన్నది మా ఒప్పందం. జతలు చాలకపోతే అటక మీదున్న మా నాయిన చెప్పులు కూడా దించాను. అప్పటికి ఆయన పోయి నాలుగేళ్లు. చనిపోయిన మనిషిని లైన్‌లో నిలబెడుతున్నానని అప్పుడు అనిపించిందా? అనిపించలేదు. పని అయిపోయిందన్న తృప్తి ఒక్కటే ఉంది. ఆ తర్వాతే గ్రూపులో మెసేజ్ పెట్టాను.

ఎప్పటిలాగే గ్రూపు కోసం లైన్‌ను ఫోన్‌తో తీస్తున్నాను. సుగుణక్క వచ్చింది. లైన్ పొడుగూతా నడిచి, ముందున్న చెప్పుల దగ్గర ఆగింది. గివి ఎవరియి అని అడిగింది. వంగి ఒక చెప్పు చేతిలోకి తీసుకుంది. దాని మడమకు మా నాయిన వేయించుకున్న టైరు ముక్క ఉంది. ఊళ్లో అలాంటి చెప్పు ఆయనకే ఉండేది.

"తమ్మీ, గివి మీ నాయినయి గదా. మనిషి పోయి నాలుగేండ్లాయె. ఇప్పుడు ఆయనకు యూరియా దేనికి?"

గోడ నీడన కూర్చున్న ముసలి లచ్చవ్వ అందుకుంది. "పైన గూడ వరి ఏసిండేమో తియ్యి, సుగుణా."

లైన్ మొత్తం నవ్వింది. సుగుణక్క ఏడు జతలూ తీసి గోడవైపు విసిరేసింది. "బతికున్నోళ్లు ముందుకు రాండ్రి" అంది.

ఇదంతా వీడియోలో ఉంది. నేను చేసిందేమిటంటే, చివరి పద్దెనిమిది సెకన్లు మాత్రం కోశాను. అందులో ఆమె వంగి చెప్పులు తీసి విసిరేయడం తప్ప ఇంకేమీ లేదు. మాటలు వినపడకుండా ఏడుపు సంగీతం ఒకటి అతికించాను. కింద రాశాను: 'రైతు చెప్పులు విసిరేసిన చెయ్యి ఇది. ఊరును ఈ చేతిలో పెడదామా?'

బావను గెలిపించడానికే చేశానా? ఇన్నాళ్లూ నాకు నేను అదే చెప్పుకున్నాను. నిజం అది కాదు. ఆ నవ్వు నన్ను కాల్చింది. నలుగురిలో దొరికిపోయిన సిగ్గును తీసి ఆమె మీద వేశాను. పార్టీ, బావ, ఎన్నిక, అన్నీ ఆ సిగ్గుకు కప్పుకున్న దుప్పటి.

మధ్యాహ్నానికి అది కురవి గ్రూపుల్లో తిరిగింది. సాయంత్రానికి పాలకుర్తిలో ఉండే మా మేనమామ కొడుకు దాన్ని తిప్పి నాకే పంపి, మీ ఊరేనా అని అడిగాడు. నేను చేసింది నా దగ్గరికే ఇంకెవరిదో అన్నట్టు వచ్చింది. చూసి గర్వపడ్డాను. ఇది కూడా ఒప్పుకోవాలి.

పోలింగుకు రెండు రోజుల ముందు సుగుణక్క షాపుకు వచ్చింది. కూర్చోమన్నాను. కూర్చోలేదు.

"తమ్మీ, మొత్తం వీడియో నీ దగ్గరుంటది. గది గూడ గ్రూపుల పెట్టు. ఓటు ఎవలకన్న ఏసుకోనియ్యి. చూసినంక ఏసుకోనియ్యి."

"డిలీట్ అయింది అక్కా. మెమరీ నిండింది."

నా చేతిలో ఉన్న ఫోన్ వంక కాసేపు చూసింది.

"మీ నాయిన ఎండల నిలవడి తెచ్చుకున్నడే గని ఒకల జాగల జొరబడలే. సరే తియ్యి. నేనే గ్రూపుల అడుగుత."

అడిగింది. 'మొత్తం వీడియో పెట్టమని అడ్మిన్‌ను అడుగుతున్న' అని ఒకే ఒక్క వరుస రాసింది. ఆమెను గ్రూపులోంచి తీసేశాను. గ్రామసభలోంచి ఒక మనిషిని బయటికి పంపాలంటే నలుగురు రెక్కలు పట్టుకోవాలి. ఊరు చూస్తుంది, ఎవరో ఒకరు ఇదేంది అని అడుగుతారు. నాకు ఒక్క వేలు సరిపోయింది. ఎవరూ ఇదేంది అని అడగలేదు.

కొద్ది ఓట్లతో ఆమె ఓడిపోయింది. బావ మొక్కు తీర్చుకోవడానికి మమ్మల్నందరినీ కురవి వీరభద్రస్వామి గుడికి తీసుకుపోయాడు. అందరూ మొక్కారు. నేను చెప్పులకు కాపలా ఉంటానని బయటే నిలబడ్డాను.

నన్ను ఎక్కువగా భయపెట్టింది లచ్చవ్వ. ఆ రోజు అందరికంటే గట్టిగా నవ్వింది ఆమే. కొన్నాళ్లకు షాపుకు వచ్చి, "ఎంతన్న గని రైతుల చెప్పులు ఇసిరేసుడు తప్పే గద బిడ్డా" అంది. కళ్లారా చూసిన మనిషి. తన కళ్లను పక్కనబెట్టి నా పద్దెనిమిది సెకన్లను గుర్తుపెట్టుకుంది. ఊరి జ్ఞాపకాన్ని మార్చడం అంత తేలికా? నేను మార్చాను. షాపులో కూర్చుని.

సుగుణక్క సంఘం లీడరుగా తప్పుకుంది. 'చెప్పుల సుగుణ' అన్న పేరు మిగిలింది. గ్రామసభకు రావడం మానేసింది. ఇప్పుడు సభ పావుగంటలో ముగుస్తుంది. అడిగేవాళ్లు లేరు. అడగాలనుకున్నవాళ్లు గ్రూపులో అడుగుతారు. దాని మీద పుట్టినరోజు శుభాకాంక్షలు వచ్చి పడతాయి, ప్రశ్న పైకి జరిగిపోతుంది.

ఈ మధ్య మళ్లీ ఎన్నికలొచ్చాయి. వార్డుకు నిలబడ్డ మావాడొకడు షాపుకు వచ్చి, "అన్నా, నాడు చెప్పుల వీడియో జేసినవు సూడు, గసొంటిది ఒకటి గావాలె. ఇప్పుడు కోసుడు గూడ అక్కర్లేదట, మనిషి గొంతే తయారుజేస్తరట" అన్నాడు. మెచ్చుకోలుగానే అన్నాడు. నేను చెయ్యనన్నాను. వేరేచోట చేయించుకున్నాడు. నేను వేసిన దారి అది. నేను నడవనంత మాత్రాన అది మూసుకుపోదు.

ఆ రోజే మొత్తం వీడియో గ్రూపులో పెట్టాను. పక్కన ఒక్క మాట రాయలేదు. నలుగురు బొటనవేలి గుర్తు పెట్టారు. పాత ముచ్చట ఇప్పుడెందుకన్నా అని ఒకరు. ఆ వెంటనే యూరియా ఎప్పుడొస్తుందని ఇంకొకరు. అప్పుడు గుర్తొచ్చింది, చూడాల్సిన మనిషి ఆ గ్రూపులో లేదు. తీసేసింది నేనే.

ఆమె ఇంటికి పోయి క్షమించమని అడగాలనుకున్నాను. గుమ్మం దాకా పోయి వెనక్కి వచ్చాను. ఈసారి భయంతో కాదు. ఊరందరి ముందు తీసిన పరువును నాలుగు గోడల మధ్య తిరిగి ఇస్తే, అది కూడా కోసిన వీడియోనే అవుతుంది.

రేపు గ్రామసభ. సుగుణక్కకు కబురు పంపాను. వస్తుందో రాదో తెలియదు. రాకపోయినా చెబుతాను. బావ మళ్లీ నా గడప తొక్కకపోవచ్చు. నా షాపుకు జనం రాకపోవచ్చు. నన్ను గ్రూపులోంచి తీసెయ్యవచ్చు, అది న్యాయమే. సుగుణక్క క్షమిస్తుందన్న ఆశ పెట్టుకోలేదు. క్షమించమని అడిగే హక్కు ఉందో లేదో కూడా తెలియదు. ఇక్కడ నా పేరు రాయలేదు. రేపు ఆ పేరుగల మనిషే నిలబడి మాట్లాడతాడు.

ఫోన్ ఇంట్లో పెట్టి పోతాను. చెప్పాల్సింది పెద్దగా లేదు. మొదటి మాట ఇక్కడ రాసి చూసుకుంటున్నాను.

ఆ చెప్పులు మా నాయినవి. లైన్ల పెట్టింది నేను.

రాశాను. ఇన్నేళ్లలో ఈ రెండు మాటలు నా చేతి నుంచి బయటికి రావడం ఇదే మొదటిసారి.