అత్త కాదు, నత్త

ఈ భూమండలం మీద మా అమ్మమ్మంత గొప్పగా చెవులు వినబడని మనిషి ఇంకొకరు పుట్టలేదు, పుట్టబోరు. కావాలంటే పందెం. పిడుగు పడితే, "ఎవరో తలుపు తడుతున్నారు, చూడవే" అంటుంది. ఓసారి చెవులు చూపిద్దామని డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. ఆయన అడిగిన ప్రతి ప్రశ్ననూ నాలుగేసిసార్లు చెప్పించి, చివరికి ఆయన గొంతే పోగొట్టి, వేడినీళ్ళు పుక్కిలించమని ఆయనకే సలహా చెప్పి వచ్చింది.

"ఏమన్నావ్? మళ్ళీ చెప్పు." ఈ మూడు ముక్కలతోనే డెబ్బై ఏళ్ళు నెట్టుకొచ్చింది. తాతయ్య కోపం వచ్చినప్పుడల్లా ఇల్లెగిరిపోయేలా మొదలుపెట్టేవాడట. రెండోసారి చెప్పేటప్పటికి సగం కోపం దిగిపోయేది. మూడోసారికి ఎందుకు కోప్పడ్డాడో మరిచిపోయి, "ఏం లేదు, కాస్త టీ పెట్టమంటున్నా" అనేవాడు. అదీ వినబడేది కాదు. టీ ఆయనే పెట్టుకునేవాడు.

అమ్మమ్మ చొక్కాలు తయారయ్యే ఓ పెద్ద హాల్లో బొత్తాలు కుట్టేది. నలభై మిషన్ల మోతలో చెవులు పోయి ఉంటాయని అందరి నమ్మకం, నాదీ అదే. నా చదువు తొమ్మిదో తరగతి సగంలో ఆగింది. తర్వాత నాలుగేళ్ళు ఇంట్లో పాతబట్టల మీద చెయ్యి తిప్పుకుని, ఆ హాల్లోనే కాలర్లు కుట్టే పనిలో చేరాను.

కాలరుకు రెండు కొసలుంటాయి. ఆ రెండూ ఒక్కలా ఉన్నాయో లేదో మడిచి, పక్కపక్కన పెట్టి, ఒక కన్ను మూసి చూస్తే గానీ నేను అవతలికి ఇచ్చేదాన్ని కాదు. నా కాలరు బాగోలేదని వెనక్కి వచ్చిన రోజు లేదు. కాకపోతే పక్కమ్మాయి పది కుట్టేసరికి నావి ఏడే అయ్యేవి. సూపర్‌వైజరుకు అది చాలు. నాకు "నత్త" అని పేరు పెట్టాడు.

"నత్తమ్మగారు దయచేస్తున్నారు, దారివ్వండి!" అనేవాడు నేను లోపలికి రాగానే. ఓరోజు గుడ్డ మీద గీతలు గీసే సుద్దముక్కతో నా మిషను మీద నత్తబొమ్మ వేశాడు. బొమ్మ బాగానే కుదిరింది, అందుకు ఇంకా ఒళ్ళు మండింది. హాలంతా నవ్వింది. నవ్వకపోతే రేపు తమకూ ఓ పేరు పడుతుందని అందరికీ భయం.

ఇంట్లో నా నోరు రేడియో. హాలు గడప దాటితే మాత్రం పెదాలకు ఎవరో రెండు వరసల కుట్టు వేసినట్టే. ఆ పనంటే నాకు ప్రాణం. అయినా ఆ శనివారం ఇక నావల్ల కాలేదు.

"అమ్మమ్మా, నేనింక పనికి రాను," అన్నాను.

"పనికిరావా? ఎవరే అంతమాట అన్నది?"

"అబ్బా, అది కాదు! పని మానేస్తానంటున్నా. ఆయన నన్ను..." మిగతాది నోట్లోనే గొణుక్కున్నాను.

"ఆయన నిన్ను?"

"నత్త అంటున్నాడు."

"గొణగకు, నాకు వినబడదు. నాకు వినబడేలా చెప్పిన రోజు మానేద్దువు," అని చీపురందుకుంది.

సోమవారం వెళ్ళక తప్పలేదు. పదిగంటలకు సూపర్‌వైజరు వరసల మధ్య నడుచుకుంటూ వచ్చి నా దగ్గర ఆగాడు. "ఏం నత్తా, ఇంకా మొదటి కాలరేనా?"

వెనక నుంచి బొత్తాల డబ్బాతో సహా అమ్మమ్మ లేచింది. "ఏమన్నావ్ బాబూ? మళ్ళీ చెప్పు."

"నిన్ను కాదు పెద్దమ్మా, నీ మనవరాల్ని. నత్త అన్నా."

"అత్తా?" అమ్మమ్మ మొహం వెలిగిపోయింది. "అత్తెలా అవుతుందయ్యా? దానికింకా పెళ్ళే కాలేదు!"

పక్కవరసలో రెండు మిషన్లు ఆగాయి.

"అత్త కాదు, నత్త!"

"మేనత్తా? అంటే మీ నాన్నకు చెల్లెలన్నమాట. చూశావటే, ఇన్నాళ్ళూ చెప్పనేలేదు!"

ఇంకో వరస ఆగింది.

"నత్త, పెద్దమ్మా, నత్త! నేలమీద పాకుతుందే, అది!"

"అయ్యో, మీ అత్త పాకుతోందా? అంత జబ్బు చేస్తే నువ్విక్కడేం చేస్తున్నావు నాయనా? వెళ్ళి చూసుకో."

ఈపాటికి నలభై మిషన్లూ ఆగిపోయాయి. ఆయన అది గమనించలేదు. మెడనరాలు ఉబ్బేలా, "న...త్త! నత్తా!" అని అరిచాడు.

మోతలో, నవ్వుల మధ్యలో ఆ మాట ఎంతో పెద్దగా ఉండేది. ఇప్పుడు చుట్టూ ఎవరూ నవ్వలేదు. తలకు రంగేసుకునే వయసున్న మనిషి, ముసలావిడ మొహంలో మొహం పెట్టి నత్తా నత్తా అని అరుస్తున్నాడు. చూడ్డానికి బాగోలేదు. బాగోలేదని ఆయనకూ తెలిసినట్టుంది, చెవులు ఎర్రబడ్డాయి.

అమ్మమ్మ నా వైపు తిరిగింది. "ఏమంటున్నాడే? నాకు అందడం లేదు, నువ్వు చెప్పు."

"నన్ను నత్త అంటున్నాడు."

"వినబడలేదు."

"నన్ను నత్త అంటున్నాడు!"

"ఆఁ?"

ఎప్పుడు లేచానో నాకే తెలియదు. ఒళ్ళో కత్తెర కింద పడింది. "నత్త అంటున్నాడమ్మమ్మా! నాకు నచ్చలేదు! సార్, నేను కుట్టిన కాలరు ఒక్కటైనా వెనక్కి వచ్చిందా? ఇకమీదట నన్ను ఆ పేరుతో పిలవకండి!"

కిటికీ మీద పావురాలు లేచిపోయాయి.

"అబ్బ, ఎందుకే అలా అరుస్తావు? వినబడుతూనే ఉందిగా," అని అమ్మమ్మ కూర్చుని బొత్తం అందుకుంది.

సూపర్‌వైజరు కాసేపు నన్నూ, కాసేపు నా కాలర్లనూ చూశాడు. "సరేనమ్మా," అని, మిషను మీద మిగిలిన సుద్దగీతల్ని తన చొక్కా చేతితోనే తుడిచి వెళ్ళిపోయాడు.

కథ అక్కడ ఆగితే అది మా హాలెందుకవుతుంది? అత్త అన్నాడు కాబట్టి ఆయనకు "అల్లుడుగారు" అని పేరు పడిపోయింది. "అల్లుడుగారూ, దారం అయిపోయింది." "అల్లుడుగారూ, అత్తగారి ఆరోగ్యం ఎలా ఉంది?" రెండురోజుల్లో ఆయన గోడవారగా నడవడం మొదలుపెట్టాడు. నేనూ కడుపు పట్టుకుని నవ్వాను, అబద్ధమెందుకు?

మూడోరోజు ఇస్త్రీ బల్ల దగ్గరి ఆవిడ, "అల్లుడుగారొస్తున్నారహో!" అని కేకేసింది.

అమ్మమ్మ తలెత్తింది. "ఏమన్నావమ్మా? మళ్ళీ చెప్పు."

"అల్లుడుగారు..."

"ఎవరూ?"

"అదే, అల్లు..." మూడోసారికి ఆవిడ తల దించుకుంది. "సూపర్‌వైజరుగారు."

"ఆఁ, అలా చెప్పు."

అప్పుడు వెలిగింది నా మట్టిబుర్రకు. అమ్మమ్మ కరకుగా మాట్లాడినవాళ్ళను మళ్ళీ మళ్ళీ అనిపించి చల్లార్చేది. మాట పెగలనివాళ్ళను మళ్ళీ మళ్ళీ అడిగి పెగిలించేది. ఆవిడ చెవులకున్న జబ్బల్లా అదొక్కటే.

ఇదంతా రాసి, నిన్న ఆవిడ పక్కన కూర్చుని చదివి వినిపించాను. చెవుల సంగతి వచ్చిన చోట మాత్రం భయపడి గొంతు బాగా తగ్గించాను. ఆవిడ సూదిలో దారం ఎక్కిస్తూ మొత్తం విన్నది.

"ఎలా ఉందే అమ్మమ్మా?"

"నాకు చెవుడు లేదన్న ముక్క కొట్టెయ్. రేపట్నుంచి ఈ వీధిలో వాళ్ళందరి సోదీ నేను వినాలా ఏంటి?"