తిన్నావా అని అడిగే చెయ్యి

మా ఆయన జూట్ మిల్లులో పనిచేసేవారు. మగ్గాల హోరులో మాట వినబడదు కాబట్టి అక్కడ అందరూ చేతులతోనే మాట్లాడుకుంటారు. డబుల్ డ్యూటీ చేసి ఇంటికొచ్చినా ఆయనది అదే అలవాటు. గుమ్మంలోంచే వేళ్లు నోటి దగ్గర పెట్టి, తిన్నావా అని అడిగేవారు.

"నోరు మిల్లులో ఒగ్గీసి వచ్చినావేటి మావా? నువ్వు రాకుండా నానెలా తింతాను?" అనేదాన్ని.

"పిల్లల్తో పాటు తినీమని సెప్పినాను కాదేటే!" అని కసిరేవారు.

చివరి రోజుల్లో విజయనగరం ఆసుపత్రిలో ఆయనకు మాట పడిపోయింది. ఒక మధ్యాహ్నం వేళ్లు నోటి దగ్గర పెట్టారు. ఆకలేస్తోందనుకుని నర్సు, "ఏమీ పెట్టకూడదమ్మా" అంది.

"తనకి కాదమ్మా, నాను తిన్నానో నేదో అడుగుతన్నాడు," అన్నాను.

తిన్నానని తలూపినా ఆయన నమ్మలేదు, చెయ్యి దించలేదు. కూతురు తెచ్చిన క్యారేజీ విప్పి, ఆయన చూస్తుండగా తిన్నాను. ఒక్కదాన్నే తినడం నాకు ఆ పూటే మొదలైంది.