తలుపు తగిలిన కన్ను

రామన్నపేటలో పరుపులు కుట్టే ఆజం పైజామాలకు మోకాళ్ల దగ్గర ఎప్పుడూ అతుకులే. వాళ్లమ్మ ఇక్బాల్ బీ ఆ అతుకులు చూసి మురిసిపోయేది. కొడుకు ఎవరికీ చెప్పకుండా నమాజులు ఎక్కువ చేస్తున్నాడని, అందుకే బట్ట మోకాళ్ల దగ్గర అరిగిపోతున్నదని ఆమె నమ్మకం. వాడకట్టులో నలుగురికీ చెప్పుకునేది కూడా. అసలు సంగతేమిటంటే ఆ పైజామాలు తొడుక్కుని మట్టిలో దొర్లేది కొడుకు కాదు, కోడలు.

కోడలి పేరు జాహేదా. తల్లిగారిది నకిరేకల్. బడికి పోయిన రోజుల్లో పాఠాలు తలకెక్కలేదు గానీ కబడ్డీ మాత్రం ఒంటికి పట్టింది. కూత పెట్టుకుంటూ వచ్చిన పిల్ల ఎంత బలమైనదైనా సరే, జాహేదా చేతికి ఆమె చీలమండ దొరికిందంటే ఇక మధ్యగీత ముఖం చూసేది కాదు. పెళ్లయి రామన్నపేట వచ్చాక ఆట అయిపోయిందనే అనుకుంది. కానీ ఇక్కడి డ్రిల్లు మాస్టారు ఇస్రాయేలు సారు ఆడపిల్లల జట్టు ఒకటి కడుతూ, ఒకప్పుడు నకిరేకల్ జట్టులో చూసిన పిల్ల ఈ ఊరి కోడలే అని గుర్తుపట్టాడు. పరుపు కుట్టించుకునే సాకుతో ఇంటికొచ్చి ఆజంను మెల్లగా అడిగాడు. ఆజం దూది ఏకడం ఆపి, పెళ్లాం ముఖం ఒకసారి చూశాడు.

"ఆడుతనంటె ఆడనీ సారూ. అమ్మకు మాత్రం తెల్వొద్దు" అన్నాడు.

అంత మెత్తటి మనిషి. దూదితో పనిచేసి చేసి వీడూ దూదే అయిపోయాడని హోటల్ దగ్గర మగవాళ్లు నవ్వుకునేవాళ్లు.

ఆ రోజు నుంచి జాహేదా సంసారం అబద్ధాల మీద నడిచింది. ఆదివారం వచ్చిందంటే తల్లిగారింటికని చెప్పి పోటీలున్న ఊరికి బస్సెక్కేది. వేలు బెణికితే రోలు మీద నెపం, మోచెయ్యి చెక్కుకుపోతే బోరింగు దగ్గరి పాకురు మీద నెపం. బరిలోకి దిగే ముందు గాజులు తీసి రుమాలులో మూటకట్టాలి. ఒకసారి ఆ మూట బస్సులో మరిచిపోయి ఒట్టి చేతులతో ఇంట్లో అడుగుపెట్టింది. సంతలో ఎవరో తగిలితే పగిలాయని చెప్పింది గానీ, మొగుడు కళ్లముందు తిరుగుతుంటే ఒట్టి చేతులేమిటని ఇక్బాల్ బీ వారం పాటు గొణిగింది. కూత సాధన మరీ కష్టం. ఆజం విల్లు పట్టి దూది ఏకుతుంటే, ఆ మోత చాటున ఆమె గోడకానుకుని ఊపిరి బిగబట్టి "కబడ్డీ కబడ్డీ" అనుకునేది. మోత ఆగితే ఆమె కూతా ఆగాలి. చిరిగిన పైజామాకు ఆజమే దబ్బనంతో అతుకు వేసేవాడు. పరుపు కుట్టే చెయ్యి కదా, ఆ కుట్టు మోకాలికి గుచ్చుకునేది. ఆమె కిక్కురుమనేది కాదు.

తొంభై ఒకటిలో ఎండలు ముదరకముందు నకిరేకల్లో పోటీలు పెట్టారు. చివరాట షాద్‌నగర్ జట్టుతో. వాళ్ల పిల్ల ఒకతి, జొన్నదంటులా పొడుగ్గా ఉంది, కూతకొచ్చి ఇద్దరిని తాకి గీత వైపు మళ్లింది. జాహేదా నేల మీద పడి చీలమండ దొరకబుచ్చుకుంది. ఆ పిల్ల విదిలించుకునే ఊపులో మోకాలు వచ్చి జాహేదా ఎడమకంటి మీద పడింది. కళ్లముందు చీకటి కమ్మింది గానీ చెయ్యి మాత్రం వదల్లేదు. ఆ పట్టుతోనే రామన్నపేట గెలిచింది. ఒక్కొక్కరికీ ఒక్కో స్టీలు బిందె ఇచ్చారు. బిందె ఇంటికెట్లా తీసుకుపోతుంది? తల్లిగారింట్లో పెట్టేసి, కొంగు ముఖానికి చాటు చేసుకుని చివరి సీట్లో కూర్చుని వచ్చింది. దారిపొడుగునా లోపల్లోపల నవ్వుకుంటూనే వచ్చింది.

తెల్లారేసరికి కన్ను వంకాయ రంగు తిరిగింది. రెప్ప తెరుచుకోలేదు. అత్త చూసి, "అయ్యో, ఏమాయె పిల్లా కన్నుకు?" అంది.

"తలుపు తగిలింది అత్తమ్మా."

బోరింగు దగ్గర ఆడవాళ్ల నోట ఎన్నోసార్లు విన్న మాట. అందుకే ఆలోచించకుండా నోటికొచ్చింది. ఆ వాడకట్టులో తలుపు అంటే ఎప్పుడూ తలుపు కాదని ఆమెకు తట్టనే లేదు. ఇక్బాల్ బీ ఇంకేమీ అడగలేదు. మధ్యాహ్నం కొడుకు అన్నానికి కూర్చున్నప్పుడు మాత్రం గొంతు తగ్గించి అంది.

"కొట్టేటోనివి కొట్టినవ్ గనీ, మొఖం మీద కొడ్తర్రా? నలుగురు సూడరా?"

ఆజం చేతిలో ముద్ద చేతిలోనే ఆగింది. పెళ్లాం వైపు చూశాడు. ఆమె నేల చూపులు చూసింది. ఒక్క మాట చెబితే మొగుడి మీద మచ్చ పోతుంది, ఆ మాటతోనే ఆటా పోతుంది. ఆమె కూర గిన్నె ముందుకు జరిపింది. ఆజం ముద్ద మింగి, "తప్పయిందమ్మా" అన్నాడు.

అంతటితో ఆగితే ఊరెందుకవుతుంది? సాయంత్రానికి హోటల్ దాకా పాకింది. ఇన్నాళ్లూ దూది అని నవ్వినవాళ్లే ఆజంకు బెంచీ మీద జాగా ఇచ్చి, "ఇప్పుడు మొగోని లెక్క ఉన్నవ్ రా" అని వీపు తట్టి చాయ తాగించారు. పెళ్లాన్ని కొట్టనివాణ్ని చూసి నవ్వి, కొట్టాడంటే చాయ పోయించే ఊరు అది. అట్లాంటి ఊళ్లకు కరువేం లేదు.

ఆజం ఇంటికొచ్చి ఇదంతా నవ్వుతూనే చెప్పాడు. జాహేదాకు ఒళ్లు మండింది.

"నీకు సిగ్గనిపిస్తలేదా?"

"నువ్వు ఆడాల్నంటె నేను కొట్టినోన్ని కావాలె. కానీ తియ్, ఏం బోయింది" అన్నాడు ఆజం.

సిగ్గు ఆమెకే వేసింది. తన మోకాళ్లకు అతుకులు వేసే మనిషి నెత్తిన ఇంత బరువు పెట్టి, అది దించే మాట తెలిసీ నోరు కట్టేసుకుంది.

ఇంతకన్నా పెద్ద సిగ్గు గోడ అవతలి నుంచి వచ్చింది.

గోడ అవతల గుర్వమ్మ ఉండేది. గొర్లు కాసే మల్లన్న భార్య. మల్లన్న మందతో బయటికి పోయినన్నాళ్లు ఆ ఇంట్లో మాట వినబడేది, నవ్వు వినబడేది. మంద తిరిగొచ్చిందంటే గిన్నెల చప్పుడు తప్ప ఇంకేమీ వినబడేది కాదు. అతను కొడతాడని అందరికీ తెలుసు. అది ఎవరూ ఎత్తని మాట. గుర్వమ్మ కూడా ఎత్తేది కాదు. అట్లాంటి మనిషి, మల్లన్న మందతో పోయి ఉన్న ఆ రోజుల్లో, వేడి ఉప్పు మూటతో జాహేదా ముందు కూర్చుని కన్ను కాపడం పెట్టసాగింది.

"తలుపు తగిలిందంటివట" అంది మెల్లగా. "మా ఇంట్ల గూడ అసుంటి తలుపే ఉంది పిల్లా."

నిజం జాహేదా గొంతు దాకా వచ్చింది. అక్కా, నన్నెవరూ కొట్టలేదు అని చెప్పాలి. కానీ గుర్వమ్మకు తెలిస్తే బోరింగుకు తెలుస్తుంది, బోరింగుకు తెలిస్తే అత్తకు తెలుస్తుంది. దొంగకు తేలు కుట్టినట్టు ఊరుకుంది. ఆ ఉప్పు మూట వెచ్చగా, హాయిగా ఉంది. అది ఆమెకు రావలసిన వెచ్చదనం కాదు.

గుర్వమ్మ రోజూ వచ్చింది. వచ్చిన ప్రతిరోజూ ఒక్కో సంగతి చెప్పింది. రవిక చెయ్యి పైకి జరిపి కాలిన మచ్చ చూపించింది. కూరలో ఉప్పు తక్కువైన రోజు, అన్న వచ్చిపోయిన రోజు, ఊరికే కొట్టిన రోజు, అన్నీ చెప్పింది. చెప్పి కళ్లు తుడుచుకుని తేలికపడి వెళ్లేది.

"మా అమ్మకు గూడ చెప్పలే. నీకెందుకు చెప్తున్ననంటె, నీకైతె తెలుస్తది" అనేది.

ఆ మాట విన్నప్పుడల్లా జాహేదా తల ఇంకొంచెం వంగేది. మొదటి రోజు చెప్పి ఉంటే అయిపోయేది. ఇప్పుడు చెబితే, ఇన్ని మాటలూ నా దగ్గర దొంగతనంగా విన్నావా అని అడగదా?

ఆ రోజుల్లోనే ఊళ్లో మహిళా సంఘం పెట్టారు. నర్సింగమ్మ అనే ఆమె ఆడవాళ్లను బడి వరండాలో కూర్చోబెట్టి, కష్టం చెప్పుకోమనేది. మొగుడు కొడుతున్నాడని ఎవరైనా చెబితే సంఘమంతా వాళ్లింటికి పోయి అడిగేది, వినకపోతే ఠాణాకు కూడా నడిచేది. ఒకరోజు గుర్వమ్మ ముఖం వెలిగిపోతూ గోడ దగ్గరికి వచ్చింది.

"పిల్లా, ఇద్దరం బోదాం. నువ్వు ముందుగల్ల చెప్పు, నీ ఎన్క నేను చెప్త. ఒక్కదాన్నయితె నాకు నోరు రాదు. నువ్వుంటె వస్తది."

జాహేదా తల ఊపింది. ఊపకుండా ఉండే ధైర్యం లేకపోయింది. ఇంట్లో ఆజంతో చెబితే అతను విల్లు కింద పెట్టాడు.

"హోటల్ల అంటె ఒక తీరు. సంగమోళ్లు ఇంటిమీదికొస్తె నేను ఊర్ల బతుకుతనా? నిజం చెప్పెయ్. అమ్మతోని నేను పడ్త."

ముందు నుయ్యి, వెనక గొయ్యి. అబద్ధం చెబితే ఏ పాపం తెలియని మొగుడి పరువు పోతుంది. నిజం చెబితే గుర్వమ్మ నోరు మళ్లీ మూసుకుపోతుంది. దారిలో ఒంటరిగా ఉన్నప్పుడు గుర్వమ్మకు చెప్పేద్దాం, కాళ్లు పట్టుకునైనా సరే ఆమెను మాట్లాడేట్టు చేద్దాం అని జాహేదా అనుకుంది. తీరా చూస్తే గుర్వమ్మ తలకు నూనె పెట్టుకుని, ఉతికిన చీర కట్టుకుని వచ్చింది. తాను ఏం చెప్పాలో పైకే అనుకుంటూ, తప్పు పోతే మళ్లీ మొదటి నుంచి అనుకుంటూ నడిచింది. జాహేదాకు దారంతా నోరు పెగలలేదు. బడి వచ్చేసింది.

వరండా నిండా ఆడవాళ్లు. నర్సింగమ్మ జాహేదా కంటి కింద ఇంకా మిగిలిన పసుపుపచ్చ మరక చూసి, "చెప్పు బిడ్డా, భయపడకు" అంది. పక్కనుంచి గుర్వమ్మ మోచేత్తో పొడిచింది. జాహేదా లేచి నిలబడింది.

"నా మొగడు నన్ను కొట్టలే" అంది. "కబడ్డీ ఆడంగ తగిలింది."

ఒక్క నిమిషం ఎవరికీ అర్థం కాలేదు. అర్థమయ్యాక వరండా అంతా నవ్వులే. పాడు నవ్వు కాదు, ముచ్చటపడ్డ నవ్వే. ఈమె కబడ్డీ ఆడుతదట, ఎదురొచ్చినోళ్లను ఒక్కచేత్తో పడగొడుతదట అని ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. నర్సింగమ్మ కూడా కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వింది. నవ్వనిది గుర్వమ్మ ఒక్కతే. జాహేదాను కింది నుంచి పైదాకా, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు చూసింది.

నవ్వులు తగ్గాక నర్సింగమ్మ, "నువ్వేమన్న చెప్తవా గుర్వమ్మా?" అని అడిగింది.

గుర్వమ్మ కొంగు భుజాల మీదికి లాక్కుంది.

"నాకేముంది చెప్పనీకి. పిల్లకు తోడొచ్చిన."

తిరిగి వచ్చేటప్పుడు జాహేదా వెంటపడి, "అక్కా, తప్పయింది, రేపు మళ్ల బోదాం, నేను పక్కన కూసుంట" అని బతిమాలింది. గుర్వమ్మ ఆగింది. కోపం లేదు ముఖంలో. ఉన్నా బాగుండేది.

"అయితె ఆజం మంచోడే. నీకు మంచిగైంది పిల్లా" అని తలుపు తీసుకుని లోపలికి పోయింది.

సంగతి జాహేదా కంటే ముందే ఇల్లు చేరింది. ఇక్బాల్ బీ వాకిట్లో నిలబడి సాయంత్రం దాకా తిట్టింది. కోడలిని తిట్టింది, కొడుకును తిట్టింది, నమాజు అనుకుని తాను మురిసిపోయిన అతుకుల పైజామాలను తిట్టింది. అలిసిపోయి కూర్చున్నాక అడిగింది.

"గెలిచినవా, ఓడినవా?"

"గెలిచినం అత్తమ్మా. బిందె ఇచ్చిన్రు."

"మరి మీ అమ్మింట్ల ఎందుకున్నది? తెచ్చి ఈడ పెట్టు."

అంతే. జాహేదా ఇన్నాళ్లు ఏ ఉరుముకు భయపడి మొగుడిని నిందకు, గుర్వమ్మను మోసానికి వదిలేసిందో, ఆ ఉరుము ఒక సాయంత్రం ఉరిమి ఆగిపోయింది. దీనికోసమా అనుకుని ఆమె పొయ్యి దగ్గర కూర్చుని, ఎవరికీ వినబడకుండా ఏడ్చింది. ఇక ఆదివారాలు అబద్ధం లేకుండానే బస్సెక్కింది. హోటల్లో ఆజం మళ్లీ దూది అయిపోయాడు. గుర్వమ్మ గోడ దగ్గరికి రావడం మానేసింది. సంఘానికీ మళ్లీ పోలేదు. జాహేదా రెండుమూడుసార్లు వాళ్ల గుమ్మం దాకా పోయి, ఏమని పిలవాలో తెలియక తిరిగొచ్చింది.

వానలు పడ్డాక మల్లన్న మందతో ఇంటికొచ్చాడు. మరుసటి పొద్దున బోరింగు దగ్గర అందరూ బిందెలు వరసలో పెట్టి ఉన్నారు. గుర్వమ్మ వచ్చింది. ఒక పక్క చెంప ఉబ్బి, కన్ను సగం మూసుకుపోయి ఉంది. ఎవరూ ఎత్తని మాటే అయినా, కొత్తగా కాపురానికొచ్చిన పిల్ల ఒకతి తెలియక అడిగేసింది.

"ఏమైందక్కా గట్ల వాసింది?"

గుర్వమ్మ ఈసారి తలుపు అనలేదు. బిందె కింద పెట్టి తాపీగా కొంగు దోపుకుంది.

"కబడ్డీ ఆడిన" అంది.

బోరింగు దగ్గర ఆడవాళ్లంతా ఘొల్లున నవ్వారు. గుర్వమ్మ కూడా ఉబ్బిన చెంపతో నవ్వింది. నవ్వుతూనే అందరూ జాహేదా వైపు తిరిగారు, ఈ మాటకు ఆమె ఏమంటుందోనని.

జాహేదా కూడా నవ్వింది.